అరవై దాటినవారి చేతిలో జీపీఎస్

రోజుకు అరగంట నడవండి అని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోగులకు చెబుతూనే వచ్చాను. విన్నవారు చాలామందే గాని, వారిలో ఎక్కువమంది పది రోజులు నడిచి మానేశారు. అది బద్ధకమని నేను అనుకోను. అదే వీధి, అదే మలుపు, అదే కిళ్ళీకొట్టు. వెళ్ళి తిరిగి రావడమే తప్ప చేరవలసిన చోటంటూ లేని నడక మనసుకు పట్టదు. మన పెద్దలు కొండ మీది గుడికి కాలినడకన వెళ్ళేవారంటే, పైన దేవుడు ఉన్నాడు గనుకనే వెళ్ళేవారు.

ఇటీవల విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఒక ప్రశ్న పంపారు. అమెరికాలో కుమారుడి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు మనుమలతో కలిసి జియోకాషింగ్ ఆడారట. అక్కడ రోజూ రెండు మూడు కిలోమీటర్లు హాయిగా నడిచినవారికి ఇంటికి రాగానే మోకాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయట. ‘ఇక్కడా ఆ ఆట ఆడాలని ఉంది. ఫోను చాలునా, చేతి జీపీఎస్ కొనాలా? కొంటే ఎలాంటిది కొనాలి? అబ్బాయి సంక్రాంతికి వస్తున్నాడు, అక్కడినుంచే తెమ్మనమంటారా?’ అని అడిగారు. చూడడానికి వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదు. కాని నాలుగేళ్ళుగా ఐదుగురు మిత్రులతో కలిసి మన చుట్టుపక్కల కొండలకు జీపీఎస్ పట్టుకుని తిరుగుతున్నాను గనుకా, ఆ పరికరం ఎంపికలో కంటి చూపు, వేలి స్పర్శ, చక్కెర వ్యాధి వంటివి నిజంగానే లెక్కలోకి వస్తాయి గనుకా, కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఒకరు ఒక చిన్న పెట్టెను ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. ఇతరులు ఆ అంకెల ఆధారంగా వెతికి, పెట్టెలోని చిన్న పుస్తకంలో పేరు రాసి, దాన్ని మళ్ళీ అక్కడే ఉంచి వస్తారు. అంతే. 2000 మే 2కు ముందు సామాన్యుల జీపీఎస్‌కు అందే సంకేతాన్ని అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత చెడగొట్టి పంపేది. అందువల్ల నూరు మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ రోజున ఆ చెరుపు ఆపేశారు. మరునాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్ దాచి, దాని అంకెలను ప్రకటించాడు. అందులో పుస్తకాలతో పాటు ఒక బీన్స్ డబ్బా కూడా పెట్టాడు. ఇప్పటి నియమాల ప్రకారం పెట్టెలో తినుబండారాలు పెట్టకూడదు. ఎలుగుబంట్లు తిరిగే ఉద్దానం జీడితోటల పక్కన ఉండే మనకు ఆ నియమం ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక ఉపాధ్యాయులవారి చివరి ప్రశ్న. దానికే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో జైలు ఉంది. విదేశాలలో దొరికే చేతి పరికరాలు రెండు జాతులు. ఒకటి ఉపగ్రహాల సంకేతాలను అందుకుని మనం ఎక్కడ ఉన్నామో మనకు మాత్రమే చూపేది. రెండవది అదనంగా ఉపగ్రహం ద్వారా సందేశాలు కూడా పంపగలది. గార్మిన్ సంస్థవారి ఇన్‌రీచ్ ఈ రెండవ జాతిది. మన దేశంలో ఉపగ్రహ ఫోన్లనూ ఇలాంటి ఉపగ్రహ సందేశ పరికరాలనూ ముందస్తు అనుమతి లేకుండా తేవడం, దగ్గర ఉంచుకోవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా మహిళనూ, మరునెలలో ఢిల్లీ విమానాశ్రయంలో ఒక స్కాట్లాండు మహిళనూ ఈ కారణంగానే అదుపులోకి తీసుకున్నారు. ఇద్దరూ కొండలూ దారులూ నడిచే అలవాటున్నవారే, దేశద్రోహులు కారు. నాన్నకు ఆపదలో పనికొస్తుందని ప్రేమతో కొన్న పరికరం కొడుకును విమానాశ్రయంలో నిలబెట్టగలదు. పేరు చివర ఉన్న ఒక్క అక్షరంలోనే తేడా ఉంటుంది. జీపీఎస్‌మ్యాప్ 67 ఉత్త జీపీఎస్, 67ఐ ఉపగ్రహ సందేశాలు పంపేది. డబ్బా మీద ఇన్‌రీచ్ అన్న మాట కనబడితే వద్దనండి.

నా దగ్గరకు వచ్చే పెద్దవారిలో జీపీఎస్ గురించి రెండు అపోహలు గమనించాను. మొదటిది, దాన్ని జేబులో పెట్టుకుంటే కిరణాలు తగులుతాయన్నది. ఉత్త జీపీఎస్ ఏమీ పంపదు, వినడమే దాని పని. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ఆ సంకేతం మన ఒంటికి చేరేసరికి ఎంత బలహీనంగా ఉంటుందంటే, దట్టమైన ఆకులు అడ్డం వచ్చినా తడబడుతుంది. అయితే గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవారు ఫోన్లను, అయస్కాంతం ఉన్న ఏ పరికరాన్నైనా ఎడమ జేబులో గాక, అమర్చిన చోటికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచుకోవడం మంచిది. ఆ జాగ్రత్త అయస్కాంతం గురించి, జీపీఎస్ గురించి కాదు.

రెండవ అపోహ ఇంతకన్నా ప్రమాదకరం. జీపీఎస్ చేతిలో ఉంటే మనం ఎక్కడ ఉన్నామో ఇంట్లోవారికి తెలుస్తుందని చాలామంది నమ్మకం. తెలియదు. ఫోను సిగ్నల్ లేనిచోట కూడా జీపీఎస్ పనిచేస్తుంది, నిజమే. కాని అది చెప్పేది మీకొక్కరికే. మీరు మాట్లాడగలిగితేనే అది ఇంకొకరికి చేరుతుంది. మన జిల్లాలలో ఈ సంగతి బాగా ఎరిగినవారు మత్స్యకారులు. ఆకాశం, నీళ్ళు తప్ప గుర్తేదీ కనబడని చోట బతుకు గడిపే మనుషులు వాళ్ళు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా దగ్గర విడుదల కాలేదు. నీటి మీద గీత కనబడదు. కొండ మీద అడవి శాఖవారి హద్దూ అంతే.

ఇక ఫోనా, చేతి జీపీఎస్సా అన్న ప్రశ్న. దుకాణంలో ముందుగా చెప్పేది ఎన్ని ఉపగ్రహాలను అందుకుంటుందో. అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, మన నావిక్ అంటూ వేళ్ళు మడుస్తారు. ఇవి ఎక్కువ ఉంటే మంచిదే. కాని ఆరుబయట ఇప్పటి మామూలు ఫోను కూడా దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో చోటు చూపుతుంది. పెట్టె దాచినవారి కొలతలో మరో 5 మీటర్లు పోయి ఉండవచ్చు. దాచినవారి పొరపాటును మీ పరికరం ఎంత ఖరీదైనదైనా దిద్దలేదు. 5 మీటర్ల వ్యాసార్ధమంటే 78 చదరపు మీటర్ల నేల, ఒక మోస్తరు ఇంటి పెరడంత. అక్కడినుంచి పని కళ్ళదీ, చేతికర్రదీ. జీడితోటలో కొమ్మలు నేలబారుగా అల్లుకుని ఉంటాయి. రాతికొండ పక్కన సంకేతం రాతికి తగిలి తిరిగివచ్చి లెక్క తప్పిస్తుంది. అలాంటి చోట్ల రెండు పౌనఃపున్యాలను వినగల పరికరాలు, ఉదాహరణకు జీపీఎస్‌మ్యాప్ 65ఎస్, కొంత నయం. కాని అరవై దాటినవారి ఎంపికకు అది మొదటి కారణం కాకూడదు.

మొదటి కారణం కన్ను. ఫోను తెర చీకటి గదిలో అద్దంలా మెరుస్తుంది, మధ్యాహ్నపు ఎండలో నల్లబడుతుంది. వెలుగు పెంచితే బ్యాటరీ తరుగుతుంది, ఫోను వేడెక్కుతుంది. చేతి జీపీఎస్‌ల తెర ఎండను తిప్పికొట్టి, ఆ వెలుగుతోనే చదివించే రకం. ఇంట్లో చూస్తే వెలవెలబోతుంది, కొండ మీద స్పష్టంగా ఉంటుంది. కనుక దుకాణం లోపల నిలబడి తెరను పోల్చడం వ్యర్థం. వాకిట్లోకి, ఎండలోకి తెచ్చి, మీరు నడకకు పెట్టుకునే కళ్ళజోడుతోనే చదవండి. చదువుకునే జోడుకు మార్చుకుంటే తప్ప అంకెలు కనబడవంటే ఆ పరికరం మీది కాదు. చిన్నసైజు ఈట్రెక్స్ రకాల తెర 2.2 అంగుళాలే. శుక్లం ముదురుతున్న కంటికి అది చాలదు, పెద్ద ఫోనే మేలు. శస్త్రచికిత్స అయి కృత్రిమ కటకం అమరినవారికి చాలవచ్చు.

బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలవారికి ఇంకొక మాట. ఆ జోడులో కింది భాగం దగ్గర చూపు కోసం. తెరను చూసి, అదే చూపుతో కాలికింది మెట్టును చూస్తే మెట్టు మసకగా, ఉన్నదానికన్నా దగ్గరగా కనబడుతుంది. మెట్ల దారిలో పెద్దవారు పడడానికి ఇదొక పెద్ద కారణం. తుంటి ఎముక విరిగినవారిని చాలామందిని చూశాను. ఆ వయసులో అది కాలితో పోయే దెబ్బ కాదు. అందుచేత చేతిలో పట్టుకుని తదేకంగా చూడవలసిన పరికరం కన్నా, మలుపు దగ్గర మోగేదో వణికేదో ఉత్తమం. చూడవలసి వస్తే నిలబడి చూడండి.

తర్వాత వేళ్ళు. చెమట పట్టిన వేలికి తాకుతెర సరిగా పలకదు. మన తీరంలో గాలిలోని తేమవల్ల చెమట ఆరదు, కారుతుంది. దీర్ఘకాలం చక్కెర వ్యాధి ఉన్నవారికి వేలికొసల స్పర్శ మందగిస్తుంది, వణుకుడు ఉన్నవారు ఒకటి నొక్కబోయి మరొకటి నొక్కుతారు. వీరికి బొత్తాలున్న పరికరమే తగినది. ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్, ఎస్‌ఈ వంటివాటికి బొత్తాలే. వీటిలో 22ఎక్స్‌లో దిక్సూచి లేదు, అంటే మీరు నడుస్తుంటేనే దిక్కు చూపుతుంది, నిలబడితే బాణం ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. నిలబడి చూడమని ఇప్పుడే చెప్పాను గనుక, దిక్సూచి ఉన్న 32ఎక్స్‌నో ఎస్‌ఈనో చూడండి. చేతి గడియారాల సంగతి క్లుప్తంగా చెబుతాను. గుండె వేగం చూసుకోవడానికి బాగుంటాయి, దారి చూసుకోవడానికి ఈ వయసు కళ్ళకు పనికిరావు.

బ్యాటరీ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. పెన్సిల్ సెల్లులతో నడిచేదే కొనండి. పాలకొండలోనైనా రాజాంలోనైనా కొమరాడలోనైనా కిరాణా కొట్టులో పెన్సిల్ సెల్లు దొరుకుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. ఫోన్లు చేతిలో ఉన్నా ప్రాణం లేనివయ్యాయి. రెండు పెన్సిల్ సెల్లులతో 22ఎక్స్ 25 గంటలు, ఎస్‌ఈ దాదాపు వారం రోజులు నడుస్తాయని తయారీదారులు చెబుతారు. ఫోనుకు మాట్లాడే పని ఉంది. దాన్ని ఆ పనికే దాచుకోవాలి.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. రెండేళ్ళ క్రితం మేము రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ వెనుక వైపు దిగుతున్నాం. బౌద్ధ విహారాల శిథిలాలున్న కొండ అది. మాలో ఒక హెడ్మాస్టరుగారు మధుమేహానికి మాత్రలు వాడతారు. ఉదయం ఇడ్లీ రెండు తిని బయలుదేరినవారు, పదకొండు దాటేసరికి కారణం లేకుండా చిరాకు పడడం మొదలుపెట్టారు. చొక్కా తడిసిపోయింది, మాట ముద్దగా వస్తోంది. చక్కెర పడిపోతున్న మనిషి ముందుగా కోపిష్ఠి అవుతాడు, చుట్టూ ఉన్నవారు దాన్ని స్వభావం అనుకుంటారు. గ్లూకోజు పొడి కలిపి తాగించాం, పదిహేను నిమిషాలకు తేరుకున్నారు. తర్వాత అరటిపండు, బిస్కెట్లు పెట్టాం. కాని ఆయనను ఇక ఎక్కించకూడదు, దగ్గరి దారిన వాహనం చేర్చాలి. దారి చూస్తూ వచ్చిన మిత్రుడి ఫోనులో బ్యాటరీ 9 శాతం. రెండవ ఫోనుకు ఆ లోయలో సిగ్నల్ లేదు. చేతి జీపీఎస్‌లో మేము ఉదయం ఆటో దిగిన చోటును గుర్తుగా పెట్టి ఉంచాం. వచ్చిన దారి గీతగా కనబడుతోంది. ఆ గీత పట్టుకుని నలభై నిమిషాలలో చెట్టు కిందికి చేరాం. మధ్యలో సిగ్నల్ అందిన చోట మిగిలిన ఆ 9 శాతంతో ఆటో అబ్బాయిని పిలిచాం.

అందుకే ఏ పరికరం కొన్నా ముందుగా నేర్చుకోవలసింది పెట్టెను వెతకడం కాదు, బండి దిగిన చోటును గుర్తు పెట్టడం. ఇది ఎన్ని బొత్తాలు నొక్కితే వస్తుందో దుకాణంలోనే చేసి చూడండి. మూడుకు మించితే ఆందోళనలో మీకు గుర్తుండదు. 108కు ఫోను చేసినప్పుడు కూడా అడిగేది మండలం, ఊరు, దగ్గరి గుడి, దగ్గరి బడి. అక్షాంశ రేఖాంశాలు ఆ తర్వాత. వాహనం ఎక్కేది కొండ కాదు, రోడ్డు. కనుక రోడ్డు ఆగిపోయే చోటి ఊరి పేరును కాగితం మీద రాసి జేబులో ఉంచుకోండి. పరికరం పాడైనా కాగితం ఉంటుంది.

అంకెల రాతలో ఒక చిక్కు ఉంది, అది మా వృత్తిలోని ఒక పాత చిక్కును గుర్తుకు తెస్తుంది. మన దేశంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. ఒకదాని సిరంజితో మరొకటి ఎక్కిస్తే మోతాదు తారుమారై మనిషి పడిపోతాడు. అక్షాంశాలను కూడా మూడు రకాలుగా రాస్తారు. జియోకాషింగ్‌లో డిగ్రీలు, ఆపైన దశాంశంతో నిమిషాలు రాస్తారు. 18 డిగ్రీల 20.500 నిమిషాలు అంటే 20 నిమిషాల 30 సెకన్లు. దాన్ని 20 నిమిషాల 50 సెకన్లుగా చదివితే 600 మీటర్లకు పైగా తప్పిపోతారు. దాన్నే 18.20500 డిగ్రీలని పరికరంలోకి ఎక్కిస్తే దాదాపు 15 కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతారు. శాలిహుండం కొండకు బయలుదేరినవారు సముద్రం వైపు నడుస్తారన్నమాట. పరికరంలో ఈ పద్ధతిని ఒకసారి సరిచేసి, మనుమలు ముట్టుకోకుండా చూసుకోండి.

శాలిహుండం అన్నాను గనుక ఇంకొక సంగతి. వంశధార ఒడ్డున, గార మండలంలో ఉన్న ఆ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన సవరల భాష కోసం మన్యం తిరిగి, మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. ఈ ప్రాంతపు కొండలలో తిరగడానికి మనుషులు ఒకప్పుడు చెల్లించిన మూల్యం అది. ఇప్పుడు మనకు జీపీఎస్ ఉంది గాని దోమ మాత్రం అలాగే ఉంది. సీతంపేట వైపు వెళ్ళి వచ్చిన రెండు వారాలలో చలిజ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి.

అయితే ఆ కొండ మీద పెట్టె దాచవద్దు. అది రక్షిత కట్టడం. అంతకు మించిన కారణం కూడా ఉంది. గుప్తనిధుల కోసం గుళ్ళూ గోపురాలూ తవ్వే ముఠాల బెడద మన రాష్ట్రంలో ఊరూరికీ తెలుసు. చేతిలో యంత్రం పట్టుకుని శిథిలాల మధ్య రాళ్ళు కదుపుతూ కనబడిన కొత్తమనిషిని ఊరివారు ఏమనుకుంటారు? 2020 డిసెంబరులో రామతీర్థం బోడికొండ మీద కోదండరామస్వామి విగ్రహం ధ్వంసమైన తర్వాత ఆ పరిసరాల వారి అనుమానాన్ని తప్పుపట్టలేం. పైగా మన చట్టాలలో 1878 నాటిది ఒకటి ఉంది. నేలలో దాగిన పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలంటుంది. ప్లాస్టిక్ డబ్బాకు అది వర్తించదనుకోండి, కాని పోలీసుస్టేషనులో కూర్చుని ఆ వాదన చేయడం ఎవరికి సరదా? ఈ ఆటలోనే పెట్టె లేని రకాలున్నాయి. చోటును చేరి, అక్కడ రాతిపొరలనో శాసనాన్నో చూసి ప్రశ్నకు జవాబు చెబితే చాలు. మా బృందం ఆడేది అదే. ఒకరు ఇంటి దగ్గర అంకెలు రాసి ఇస్తారు, మిగిలినవారు ఆ చోటు కనుక్కుని అక్కడ ఏముందో చెప్పాలి. ఓడినవారు టీ ఇప్పించాలి.

పెట్టె ఉన్న రకమే ఆడతామనేవారు కనబడని సందులో చెయ్యి పెట్టవద్దు. రాళ్ళ కింద తేలూ, ఎండుటాకుల కింద రక్తపింజరీ ఉంటాయి. ముందు కర్రతో తట్టండి, టార్చి వేయండి. కాటు పడితే కట్టు బిగించవద్దు, గాయం కోయవద్దు. చెయ్యి కదపకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి వెళ్ళండి. బయలుదేరే ముందే ఆ ఆసుపత్రిని కూడా జీపీఎస్‌లో ఒక గుర్తుగా పెట్టుకోవచ్చు. నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఏప్రిల్, మే నెలలలో ఉదయం ఎనిమిది దాటాక కొండ జోలికి పోకండి. కొమరాడ, కురుపాం వైపు ఏనుగులు ఎక్కడున్నాయో ఏ ఉపగ్రహమూ మీకు చెప్పదు, ఊరివారిని అడగండి.

ఉపాధ్యాయులవారికి నా సలహా ఇది. మొదటి రెండు నెలలు ఏమీ కొనవద్దు. మీ ఫోనులోనే నెట్ లేకుండా పనిచేసే పటాన్ని దించుకుని, జేబులో అదనపు ఛార్జరుతో, ఊరి చుట్టూ ఉన్న చెరువుగట్ల మీద ఆడండి. మోకాళ్ళు సహకరించి, కొండ ఎక్కాలన్న కోరిక కలిగినప్పుడు దిక్సూచి ఉన్న, పెన్సిల్ సెల్లులతో నడిచే, బొత్తాల జీపీఎస్ ఒకటి ఇక్కడే కొనండి. మరమ్మతుకు ఇచ్చే హామీ సాధారణంగా కొన్న దేశంలోనే చెల్లుతుంది. అబ్బాయిని మంచి నడక బూట్లు తెమ్మనండి, మడమకు గట్టి పట్టు ఉండి, అడుగున లోతైన గాళ్ళు ఉన్నవి. చక్కెర వ్యాధి ఉంటే అర సైజు పెద్దవి.

ఇంకొకటి. సీజను అయ్యాక పరికరంలోంచి సెల్లులు తీసి విడిగా పెట్టండి. మన సముద్రపుగాలికి ఒక్క వానాకాలంలోనే అవి కారి, లోపలి తీగచుట్టలకు పచ్చటి చిలుము పడుతుంది. పడితే వెనిగరులో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరనిచ్చి చూడండి. చాలావరకు బాగవుతాయి.